ఆ కీచైన్ నన్ను ఫ్లైట్ ఎక్కనివ్వలేదు!

సంక్రాంతి ముందు శుక్రవారం. సాయంత్రం వైజాగ్ ఫ్లైట్. అక్కడ దిగి బస్సెక్కితే రాత్రికల్లా నర్సీపట్నం. ఎంత ఆలస్యమైనా అమ్మ కోడికూర దాచి ఉంచుతుంది. ఇదీ నా ప్లాన్.

ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ చెక్ దగ్గర నా లాప్‌టాప్ బ్యాగ్ బెల్ట్ మీద లోపలికి వెళ్లి, బయటికి రాలేదు. స్క్రీన్ ముందు కూర్చున్నాయన ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయన మరొకరిని పిలిచాడు. ముగ్గురూ స్క్రీన్ చూశారు, తర్వాత నన్ను చూశారు.

‘‘ఈ బ్యాగ్ మీదేనా?’’

‘‘నాదే సార్.’’

‘‘ఇందులో తూటా ఉంది. లైవా, కాదా?’’

నేను నవ్వేశా. ‘‘అది కీచైన్ సార్, మా బావ ఇచ్చాడు’’ అన్నా. ఆయన నవ్వలేదు. మళ్లీ అదే ప్రశ్న. ‘‘లైవా, కాదా?’’

అప్పుడు అర్థమైంది. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ చదివా. ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నా. వారానికో యాక్షన్ సినిమా చూస్తా. తూటా ‘లైవ్’ అంటే ఏంటో మాత్రం నాకు తెలీదు.

బావ ఇచ్చిన బహుమతి

మా బావ, అంటే మా మావయ్య కొడుకు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. ఇద్దరం ఫిల్మ్ నగర్‌లో, దైవసన్నిధానం గుడికి కిందివైపు ఒక రూమ్‌లో ఉంటాం. నేను హైటెక్ సిటీకి, వాడు లొకేషన్‌కి. మా ఇంట్లో రబ్బరు కత్తులు, ఫైబర్ తుపాకులు, థర్మోకోల్ బండరాళ్లు ఎప్పుడూ ఉండేవే. ఓసారి వాటర్ క్యాన్ వేసే కుర్రాడు సోఫా మీద ఏకే-47 చూసి క్యాన్ అక్కడే వదిలేసి పరుగందుకున్నాడు.

ఆ సినిమాకి తెచ్చిన డమ్మీ తూటాల్లోంచి ఒకటి తీసి, రింగు తగిలించి నా పుట్టినరోజుకి ఇచ్చాడు బావ. ఇత్తడి గొట్టం, రాగి రంగు మొన. చూడ్డానికి బలే ఉంటుంది. ఆఫీసులో అందరూ అడిగి మరీ చూసేవాళ్లు. నాలుగు నెలలు అది బ్యాగ్‌లోనే ఉందన్న సంగతి కూడా మర్చిపోయా.

ఆ రోజు ఫ్లైట్ వెళ్లిపోయింది. నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లారు. బావ వాళ్ల ప్రొడక్షన్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. అది షూటింగ్ సామాను అని ఇద్దరం రాసిచ్చాం. కీచైన్ పరీక్షకి పంపుతామనీ, పిలిచినప్పుడు రావాలనీ చెప్పి అర్ధరాత్రి దాటాక పంపించారు. కోడికూర సంగతి సరే, పండక్కి బస్సు టికెట్ దొరకడం కూడా గగనమైంది.

మన దగ్గర ఆయుధాల చట్టం 1959 నాటిది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడమే కాదు, ఒక్క తూటా ఉన్నా కేసే. తెలిసే దగ్గర పెట్టుకున్నామా, తెలియకనా అన్నది కోర్టులో చూస్తారు. ‘తెలిసి ఉంచుకోవడం’ ముఖ్యమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. కానీ ఆ మాట కోర్టులో చెప్పుకొనేలోపు ఫ్లైటే కాదు, పాస్‌పోర్టూ, వీసా ఇంటర్వ్యూ, ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ చెక్... అన్నీ కళ్ల ముందు తిరుగుతాయి. ఆ రాత్రి నాకు తిరిగాయి.

ఊరెళ్లి వచ్చాక పట్టుదలగా కూర్చుని తూటాల గురించి చదివా. మా వీధిలో ఆర్మీలో చేసి రిటైరైన తాతగారు ఉంటే ఆయన్నీ విసిగించా. నేర్చుకున్నది ఇదీ.

బుల్లెట్ వేరు, తూటా వేరు

మనం రెండింటినీ ఒకటే చేసి మాట్లాడతాం. కాదు. చేతిలోకి తీసుకునే మొత్తం వస్తువు తూటా. ఇంగ్లిష్‌లో కార్ట్రిడ్జ్ అంటారు, పోలీసుల భాషలో రౌండ్. అందులో నాలుగు భాగాలుంటాయి.

ఒకటి, మొనలో ఉండే గుండు. దీన్నే బుల్లెట్ అనాలి. రెండు, దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం, అంటే కేస్. మూడు, గొట్టంలో ఉండే మందు. నాలుగు, అడుగున మధ్యలో గుండ్రంగా కనిపించే చిన్న బిళ్ల, ప్రైమర్.

ట్రిగ్గర్ నొక్కితే ఒక సూది వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది. ప్రైమర్ చిన్న నిప్పు పుట్టిస్తుంది. ఆ నిప్పు మందుకి అంటుకుంటుంది. మందు క్షణంలో కాలి గ్యాస్ అవుతుంది. ఆ గ్యాస్ ఒత్తిడికి గుండు మాత్రమే గొట్టం విడిచి బయటికి దూసుకుపోతుంది. ఖాళీ కేస్ తుపాకి పక్కనుంచి కిందపడుతుంది. వార్తల్లో ‘ఘటనాస్థలంలో ఖాళీ తూటాలు దొరికాయి’ అంటారే, అవి ఇవే.

ఇప్పుడు కొన్ని సినిమాల్లో స్లో మోషన్ షాట్ గుర్తు తెచ్చుకోండి. గుండుతో పాటు ఇత్తడి కేస్ కూడా గాల్లో తిరుగుతూ వస్తుంది. దీపావళికి సీసాలో పెట్టి తారాజువ్వ వెలిగిస్తే జువ్వతో పాటు సీసా కూడా ఎగిరినట్టు! ఇది చెప్పినప్పట్నుంచీ బావ నాతో సినిమాకి రావడం మానేశాడు.

చార్జర్ పిన్నుల్లాంటివే

నర్సీపట్నం దాటితే ఏజెన్సీ. చిన్నప్పట్నుంచీ పేపర్లో ఎదురుకాల్పుల వార్తలు చదువుతూ పెరిగాం. ‘ఒక .303, ఒక ఎస్ఎల్ఆర్, ఒక ఇన్సాస్ స్వాధీనం’ అని చివర ఓ లైను ఉండేది. ఆ అంకెలకి అర్థం ఇరవై ఎనిమిదేళ్లొచ్చాక తెలిసింది.

.303 అంటే అంగుళంలో 0.303 వంతు. అంటే సుమారు 7.7 మిల్లీమీటర్ల లావు. బ్రిటిష్‌వాళ్ల లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ది. మన పోలీసులూ దశాబ్దాల పాటు అదే మోశారు. ఎస్ఎల్ఆర్‌ది 7.62×51. ఇందులో మొదటి అంకె గుండు లావు, రెండోది కేస్ పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఏకే-47ది 7.62×39. లావు అదే, కానీ కేస్ పొట్టి. 1990ల చివర్లో మన సైన్యంలోకి వచ్చిన ఇన్సాస్‌ది 5.56×45. గుండు సన్నం, బరువు దాదాపు 4 గ్రాములే, వేగం మాత్రం ఎక్కువ. సెకనుకి 900 మీటర్లకు అటూఇటూ.

తాతగారు సింపుల్‌గా చెప్పారు. ‘‘తేలిక తూటా అయితే జవాను అంతే బరువులో ఎక్కువ మోసుకెళ్లగలడు. పెద్ద తూటా దూరం కొడుతుంది, భుజాన్నీ కొడుతుంది.’’

ఒకదాని తూటా ఇంకోదానికి పనికిరాదు. పాత సన్నపిన్ను చార్జరూ టైప్-సీ చార్జరూ రెండూ కరెంటే ఇచ్చినా ఫోన్ మారితే పనికిరావు కదా, అలాగ. సినిమాలో మాత్రం హీరో చచ్చిపడిన వాడి దగ్గర ఏ తుపాకి తూటాలైనా లాక్కుని తన తుపాకిలో నింపేస్తాడు.

ఇంకో తేడా కూడా చెప్పాలి. బ్యాంకు ముందు గార్డు దగ్గర ఉండే పాతకాలం డబుల్ బ్యారల్ రైఫిల్ కాదు. దాని తూటా లావుగా గొట్టంలా ఉంటుంది, లోపల చిన్న చిన్న సీసపు గుళ్లు చాలా ఉంటాయి. ఇక మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అసలు మందే ఉండదు. గాలి ఒత్తిడికి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ వెళ్తుంది.

గుండుని బట్టి రకాలు

తూటా సైజు ఒకటే అయినా ముందున్న గుండు మారితే పని మారిపోతుంది. ముఖ్యమైనవి ఇవి.

బాల్: సైన్యాలు మామూలుగా వాడేది. లోపల సీసం, పైన రాగి మిశ్రమం తొడుగు పూర్తిగా కప్పి ఉంటుంది. అందుకే దీన్ని ఫుల్ మెటల్ జాకెట్ అంటారు. నా కీచైన్ మొన రాగి రంగులో మెరిసింది ఈ తొడుగు వల్లే.

సాఫ్ట్ పాయింట్, హాలో పాయింట్: మొదటిదానికి మొన దగ్గర తొడుగు ఉండదు, సీసం బయటికి కనిపిస్తుంది. రెండోదానికి మొనలో గుంట ఉంటుంది. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. వేటకి వాడే గుళ్లు ఎక్కువగా ఈ రకాలే. వీటి తాత మన దేశంలోనే పుట్టాడు. 1890ల్లో కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో తయారైన గుండుకి ఆ ఊరి పేరే పడింది, డమ్ డమ్ బుల్లెట్ అని. గాయం మరీ ఘోరంగా ఉండటంతో 1899 హేగ్ ఒప్పందంలో శరీరంలో విచ్చుకునే గుళ్లని యుద్ధంలో వాడకూడదని రాసుకున్నారు.

ఆర్మర్ పియర్సింగ్: లోపల సీసానికి బదులు గట్టి ఉక్కు లాంటి లోహం ఉంటుంది. రేకుల్ని, కవచాల్ని చీల్చడానికి. చాలా దేశాల్లో గుర్తుపట్టడానికి మొనకి నల్లరంగు వేస్తారు.

ట్రేసర్: గుండు అడుగున మండే రసాయనం ఉంటుంది. రాత్రిపూట వెలుగుతూ వెళ్తుంది. తన గుళ్లు ఎటు పోతున్నాయో కాల్చేవాడికి తెలుస్తుంది. యుద్ధం సినిమాల్లో ఎర్రటి గీతల్లా కనిపించేవి ఇవే. అయితే ఎక్కడ్నుంచి కాలుస్తున్నామో శత్రువుకీ తెలిసిపోతుంది.

ఆఖర్న రెండు ఉన్నాయి. బ్లాంక్, డమ్మీ. ఫిల్మ్ నగర్‌కి కావాల్సింది ఈ రెండే. వాటి సంగతి కాసేపాగి చెప్తా. నా కథ మలుపు అక్కడే.

తూటా లేకపోతే కర్రే

ఆర్ఆర్ఆర్ మొదట్లో ఓ సీన్ గుర్తుందా? ఒక గిరిజన స్త్రీ ప్రాణం కన్నా బుల్లెట్ ఖరీదే ఎక్కువని తెల్లదొర లెక్క చెప్తాడు. చివర్లో ఆ లెక్క ఆయనకే తిరిగి వస్తుంది. 2022 మార్చిలో థియేటర్లో చూసినప్పుడు ఈల వేశా. తర్వాత ఆలోచిస్తే, ఆ లెక్క మా ప్రాంతంలో నిజంగానే నడిచింది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. కృష్ణదేవిపేట మా నర్సీపట్నానికి దగ్గరే, అల్లూరి సమాధి ఉన్నదీ అక్కడే. స్కూల్లో ఉండగా పిక్నిక్‌కి తీసుకెళ్లేవారు. గోడ మీద రాసినవి చదివి, ‘26 తుపాకులు’ అని పరీక్షలో రాసేవాళ్లం. రెండో అంకె మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. తుపాకులతో పాటు తీసుకెళ్లిన తూటాలు 2,500 పైనే.

ఇప్పుడు అర్థమవుతోంది, అసలు అంకె అదేనని. తుపాకి ఒక్కసారి దొరికితే చాలు. తూటా అలా కాదు, కాలిస్తే అయిపోతుంది. మన్యంలో తయారుచేసుకునే వీల్లేదు, కొనుక్కునే దారి లేదు. 26 తుపాకులకి పంచుకుంటే ఒక్కోదానికి వంద తూటాలే. అవి అయిపోతే చేతిలో ఉన్నది కర్రతో సమానం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు బ్రిటిష్ అధికారుల్ని మట్టుబెట్టిన దళం, 1924 మే 7న అల్లూరిని కాల్చి చంపే వరకూ కొద్దిపాటి సరంజామాతోనే పోరాడింది. ఆయనకి ప్రతి తూటా లెక్కే.

మన దేశ చరిత్రని ఇంతకన్నా ముందే ఓసారి తూటా మలుపు తిప్పింది. 1857లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితపు చుట్ట. పళ్లతో చింపి మందు పోయాలి. దానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిల్లో పాకి తిరుగుబాటు లేచింది. ఆ జూలై 17న మన కోఠీ రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్ దాడి కూడా ఆ ఏటి మంటల్లో ఒకటి.

సినిమా లెక్కలు, అసలు లెక్కలు

ఇంజినీర్ని కదా, ఓ ఆదివారం కాలిక్యులేటర్ ముందేసుకున్నా.

ఏకే-47 మేగజైన్‌లో 30 తూటాలు. నిమిషానికి 600 వేగంతో కాలుస్తుంది. అంటే సెకనుకి పది. ట్రిగ్గర్ అలాగే పట్టుకుంటే మూడు సెకన్లలో ఖాళీ. మన హీరో ఒక చరణం పాటంత సేపు కాలుస్తాడు.

ఏకే గుండు వేగం సెకనుకి సుమారు 715 మీటర్లు. శబ్దం వేగం 340. వంద మీటర్ల దూరం నుంచి కాలిస్తే గుండు సుమారు 0.15 సెకన్లలో చేరుతుంది, శబ్దం 0.3 సెకన్లకి. చప్పుడు విని పక్కకి తప్పుకోవడం జరిగే పని కాదు. విన్నామంటే ఆ గుండు మనల్ని దాటిపోయినట్టే.

ఇక గుండు తగిలి విలన్ పదడుగులు వెనక్కి ఎగిరి అద్దం పగలగొట్టుకుని పడటం. ఆ గుండు బరువు 8 గ్రాములు. అది 70 కిలోల మనిషిలో ఆగిపోతే అతనికి వచ్చే వేగం సెకనుకి 8 సెంటీమీటర్లు. చీమ కన్నా కొంచెం ఎక్కువ. నిజంగా తగిలినవాళ్లు వెనక్కి ఎగరరు, ఉన్నచోటే కుప్పకూలిపోతారు.

ఇది బావకి చెప్తే, ‘‘బావా, నీ లెక్క కరెక్టే. కానీ టికెట్ కొన్నోడు అద్దం పగలడం చూడ్డానికే వస్తాడు’’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

స్టేషన్ నుంచి ఫోన్

మూడు వారాలు గడిచాయి. స్టేషన్‌కి రమ్మని ఫోన్. ఇద్దరం వెళ్లాం. పెద్దాయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

‘‘మీ తూటాలో మందు లేదు’’ అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నా. ‘‘కానీ ప్రైమర్ బతికే ఉంది’’ అన్నారు.

నాకు పెద్దగా అనిపించలేదు. పక్కకి చూస్తే బావ మొహంలో రక్తం లేదు.

దారిలో బండి ఆపి చెప్పాడు. ‘‘అలాంటివి డబ్బాలో ఇంకా నలభై ఉన్నాయి రా. ఎల్లుండి షూటింగ్‌లో క్లోజప్ ఉంది. హీరో వాటినే నింపాలి. తర్వాతి షాట్‌లో అదే తుపాకితో బ్లాంకులు కాల్చాలి.’’

ఇక్కడ బ్లాంకూ డమ్మీ ఏంటో చెప్పాలి. బ్లాంక్‌లో ప్రైమర్, మందు ఉంటాయి, గుండు ఉండదు. కేస్ మూతిని నక్షత్రంలా మడిచేస్తారు. మంటా చప్పుడూ వస్తాయి. డమ్మీ దానికి తిరగేసింది. గుండు ఉంటుంది, మందు ఉండదు. చూడ్డానికి అచ్చం అసలుదే. పేలకూడదు.

1993 మార్చి 31. అమెరికాలో ‘ది క్రో’ సినిమా షూటింగ్. హీరో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ. వయసు 28, నా వయసే. అంతకుముందు క్లోజప్ కోసం రివాల్వర్‌లో డమ్మీలు పెట్టారు. అసలు తూటాల్లోంచి మందు తీసేసి గుండు మళ్లీ బిగించినవి. ప్రైమర్ మాత్రం అలాగే వదిలేశారు. ఎప్పుడో ట్రిగ్గర్ నొక్కితే ఆ ప్రైమర్ ఒక్కటే పేలి గుండుని గొట్టంలోకి నెట్టింది. బయటికి తోసేంత బలం లేక గుండు అక్కడే ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత అదే తుపాకిలో బ్లాంక్ పెట్టి బ్రాండన్ వైపు కాల్చారు. బ్లాంక్‌లో మందు ఉంది, గొట్టంలో గుండు ఉంది. రెండూ కలిస్తే అసలు తూటాయే. ఆ రోజే ఆయన చనిపోయాడు.

డమ్మీ, తర్వాత బ్లాంక్, ఒకే తుపాకి. బావ వాళ్ల షాట్ల వరస కూడా సరిగ్గా ఇదే.

బ్లాంక్ ఒక్కటే అయినా ఆటవస్తువు కాదు. 1984 అక్టోబరులో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే టీవీ నటుడు సెట్లో సరదాకి బ్లాంక్ ఉన్న తుపాకిని కణతకి ఆనించి పేల్చుకున్నాడు. గుండు లేకపోయినా ఆ పేలుడు బలానికే పుర్రె ఎముక పగిలింది. కొద్దిరోజులకి చనిపోయాడు. 2021 అక్టోబరు 21న ‘రస్ట్’ సెట్లో డమ్మీల మధ్య ఒక లైవ్ తూటా కలిసిపోయింది. కెమెరా విభాగం హెడ్ హలీనా హచిన్స్ ప్రాణం పోయింది.

బావ జూనియర్. పెద్దవాళ్లకి ఎదురు చెప్పే అలవాటు లేదు. పైగా ఇది చెప్పాలంటే సెట్లోంచి తూటా ఇంటికి తెచ్చిన సంగతీ ఒప్పుకోవాలి. ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ‘‘చెప్తే ఉద్యోగం పోద్ది బావా’’ అన్నాడు. కాసేపాగి వాడే, ‘‘చెప్పకపోతే నిద్ర పోద్ది’’ అన్నాడు.

పొద్దున్నే వెళ్లి ఆర్ట్ డైరెక్టర్‌కి చెప్పాడు. ఆయన ముందు తిట్టారు. తర్వాత డబ్బా తెప్పించారు. ఫైట్ మాస్టర్ ఒక్కో తూటా తిప్పి అడుగు చూశారు. నలభైలో ఒక్కదాని ప్రైమర్ మీద కూడా సూది దెబ్బ లేదు. ఒక్కదానికీ పక్కన రంధ్రం లేదు. డబ్బా వెనక్కి పంపేశారు. షూటింగ్ ఒకరోజు వాయిదా పడింది. క్లోజప్‌కి ఉత్త ఫైబర్ తూటాలు వాడి, తుపాకి మంట కంప్యూటర్‌లో కలిపేశారు. బావ ఉద్యోగం పోలేదు. కానీ నెలరోజులు ఎవరూ వాడితో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు వాడికో అలవాటు. ఏ డమ్మీ చేతికొచ్చినా చెవి దగ్గర పెట్టి ఊపుతాడు. సరైన డమ్మీలో మందుకి బదులు చిన్న ఉక్కు గోళీ వేస్తారు, గలగలమంటుంది. లేదా కేస్ పక్కన రంధ్రం చేస్తారు. రెండూ లేకపోతే, ఎవరేం చెప్పినా సరే, లైవే అనుకుని పక్కన పెట్టేస్తాడు.

మీరూ గుర్తుంచుకోండి

* తూటా కీచైన్లు, లాకెట్లు, ఖాళీ కేసులు... అందంగా ఉన్నా బ్యాగ్‌లో వద్దు. స్కానర్‌కి డమ్మీ, అసలు తేడా తెలీదు.
* మరొకరి బ్యాగ్ తీసుకుని ప్రయాణిస్తుంటే అన్ని జేబులూ ఒకసారి తిరగేయండి.
* ఎక్కడైనా తూటా దొరికితే ముట్టుకోకుండా 100కో 112కో ఫోన్ చేయండి. గుచ్చడం, కొట్టడం, మంటలో వేయడం అస్సలు చేయొద్దు.
* షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? ఫైబర్ తుపాకి చాలు. మంట, చప్పుడు ఫోన్ యాప్‌లో కలిపేయొచ్చు.
* బొమ్మదైనా సరే, తుపాకి ఎవరి వైపూ గురిపెట్టొద్దు. సెట్లో అందరూ ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

నా పుట్టినరోజు మళ్లీ వచ్చింది. బావ ఈసారీ కీచైనే ఇచ్చాడు. క్లాప్‌బోర్డ్ బొమ్మ, చెక్కది. మొన్న దాంతోనే వైజాగ్ ఫ్లైట్ ఎక్కా. సెక్యూరిటీ దగ్గర బ్యాగ్ బయటికొచ్చేదాకా మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది.